నోటిలోని పూత, మన నోటిమాట



కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని ఒక పెద్దాయన ప్రేమవిందుకు రావడం మానివేశారు. మనిషి బాగా చిక్కిపోయారు. నాలుక మీద, బుగ్గల లోపల విరిగిన పాలవంటి తెల్లని పూత. కారము తగిలితే మంట, మింగడం కష్టము. ఎవరో చూచారు, ఎవరితోనో చెప్పారు. రెండు ఆదివారములు గడవకముందే "ఆ జబ్బేనట" అనే మాట మందిరపు మెట్లు దిగి పేటంతా తిరిగింది. పెద్దలమైన మేము ఆ మాట పుట్టించలేదు. ఆపనూ లేదు.

ఈ పూతకు కారణము క్యాండిడా అనే బూజు జాతి సూక్ష్మజీవి. ఆరోగ్యముగా ఉన్న అనేకుల నోళ్లలో కూడ అది ఏ హానీ చేయక ఉంటుంది. శరీరములోని రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు పెచ్చు పెరుగుతుంది. పసిబిడ్డలకు వస్తుంది. చక్కెర వ్యాధి అదుపులో లేనివారికి, క్యాన్సరు మందులు ఎక్కించుకొనువారికి, కట్టుడు పళ్లు తీయకుండ నిద్రించువారికి, చాలా దినములు యాంటీబయాటిక్కులు వాడినవారికి వస్తుంది. ఎయిడ్సులోనూ వస్తుంది. 1981 జూన్‌లో అమెరికాలో ఆ వ్యాధిని గూర్చి వెలువడిన మొదటి నివేదికలోని అయిదుగురికీ క్యాండిడా ఉన్నది. మన జనము మాత్రము ఇన్ని కారణములలో ఆ చివరిదానినే ముందు తలుస్తారు.

మా పెద్దాయనకు ఉన్నది ఉబ్బసము. స్టెరాయిడ్ ఇన్‌హేలరు పీల్చిన ప్రతిసారి నోరు పుక్కిలించవలెనని ఆయనకు తెలియదు. దానికి తోడు షుగరు. డాక్టరుగారు నోటిలో పూయుటకు క్లోట్రిమజోల్ మందు ఇచ్చారు.

"అమ్మయ్య, షుగరేనట!" అని సంఘమంతా ఊపిరి పీల్చుకొన్నది. మేమూ పీల్చుకొన్నాము. తరువాతనే సిగ్గు కలిగింది. ఆ రెండవదే అయి ఉంటే? ఆయన మన సహోదరుడు కాకపోయేవారా? పుట్టుగ్రుడ్డివానిని చూచి, ఎవరి పాపమువలన ఇలా పుట్టాడని శిష్యులు అడిగారు. ప్రభువు ఆ లెక్కకే ఒప్పుకోలేదు. ఆ భాగము మీద సండేస్కూలులో ఎన్నో ఏండ్లు పాఠములు చెప్పినవారము మేము!

అయితే చూచీ చూడనట్లు ఊరకుండుట మంచిదా? కాదు. పూత గొంతులోనికి దిగితే తిండి మానిపిస్తుంది. పెద్దవారిలో కారణము తెలియకుండ వచ్చినప్పుడు రక్తపరీక్ష తప్పక చేయించుకొనవలెను. ఒకవేళ హెచ్.ఐ.వి. అని తేలినా, 2004 నుండి ప్రభుత్వ ఏ.ఆర్.టి. కేంద్రములలో మందులు ఉచితముగా ఇస్తున్నారు. వాటిని మానకుండ వాడితే రోగనిరోధక శక్తి తిరిగి కోలుకొంటుంది. ఆలస్యమే ప్రమాదము. కనుక చూచినవారు చెప్పవలెను, ఆ మనిషితోనే, ఒంటరిగా. ప్రక్కింటివారితో చెప్పినది సలహా అనిపించుకోదు. పరీక్షలో ఏమి వచ్చిందని ఆరా తీయుట మన పని కాదు. ఒకరి హెచ్.ఐ.వి. సంగతిని వారి సమ్మతి లేకుండ బయటపెట్టరాదని 2017 నాటి చట్టము కూడ చెబుతున్నది. ఒకే బంతిలో భోజనము చేసినందున, ఒకే గిన్నెలో త్రాగినందున హెచ్.ఐ.వి. అంటదు. ఇది చదువుకొన్న ఇండ్లలో కూడ చెప్పవలసి వస్తున్నది.

షుగరని తెలిసిన తరువాతనే మేము ఆ పెద్దాయన ఇంటికి వెళ్లాము. అమ్మగారు మజ్జిగ కలిపిన రాగిజావ చల్లార్చి ఆయనకు ఇచ్చి, మాకూ తలా ఒక గ్లాసు పోశారు. ఆయన నెమ్మదిగా రెండు గుక్కలు మింగి, "ఇన్నాళ్లు ఇటు రాలేదేం, తమ్ముడూ?" అన్నారు.

మేము గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాము.