పాటకు కూలి

ధ్యానభాగము: యాకోబు 5:1–6

మన అరకులో థింసా ఆడునప్పుడు స్త్రీలు ఒకరినొకరు పట్టుకొని గొలుసువలె కదలుదురు. కిరండూలు గూడ్సుబండి కొండ మలుపు తిరిగినట్లే యుండును. ఇట్టి రైలుబండి ఆట 1962లో ఒక పాటవలన అమెరికా అంతట పాకెను. ‘లోకోమోషన్’ అను ఆ పాట పాడినది ఈవా బాయిడ్ అను పందొమ్మిదేండ్ల నల్లజాతి పిల్ల. నార్త్ కరోలినాలోని బెల్‌హేవెన్ ఆమె ఊరు. పాట కట్టిన దంపతుల ఇంటనే బిడ్డను చూచుకొను పనిలో ఉండెను. ఆగస్టులో ఆ పాట దేశములో మొదటి స్థానమునకెక్కెను. చిత్రమేమనగా, పాట వ్రాసిననాటికి అట్టి ఆటయే లేదు. పేరు వచ్చిన పిమ్మట ఈవాయే అడుగులు కల్పించవలసి వచ్చెను.

మరుసటి ఏడు టర్కీ కోడి నడక పేరిట మరియొక ఆటపాట పాడించిరి. రికార్డులమీద హక్కు మాత్రము ఆమెకు లేదు. 1971లో పాట మాని, చేత డబ్బు లేక, ముగ్గురు బిడ్డలతో స్వరాష్ట్రము చేరెను. 2003లో మరణించెను. రైలింజను బొమ్మ చెక్కిన సమాధిరాయి 2008లో గాని లేవలేదు.

యాకోబు చెప్పినది పొలము కోసినవారి కూలినిగూర్చి. బిగబట్టిన కూలి మొరపెట్టుననియు, ఆ కేక ప్రభువు చెవిని పడుననియు వ్రాసెను. గొంతు కష్టము కష్టము కాదా? ఆ రాతిమీది ఇంజను కంటె, ఆమెకు బ్రతికియుండగా చెందవలసిన వాటామీదికే నా మనస్సు పోవుచున్నది.

సంఘ పెద్దలారా, మీ గ్రామమునుండి పట్టణమునకు బిడ్డలనెత్తుకొను పనికి పోయిన పిల్ల ఉన్నదా? వయస్సెంత? జీతమెంత? అది ఎవరి చేతికి వచ్చుచున్నది? వచ్చు ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆమె తలిదండ్రులయొద్ద కూర్చుండి అడుగుడి.