నిజమే అయినా బిడ్డకు చెప్పవచ్చునా?

తలాఖ్ గానీ, ఖులా గానీ భార్యాభర్తల బంధాన్ని తెంచుతుంది. బిడ్డకు తల్లితో, తండ్రితో ఉన్న బంధాన్ని మాత్రం తెంచదు. కానీ మన ఇళ్ళలో జరుగుతున్నదేమిటి? "మీ అబ్బా మనల్ని రోడ్డున పడేశాడు" అని తల్లి, "మీ అమ్మీ నిన్ను వదిలేసి పోయింది" అని తండ్రి పసి మనసులో విషం నూరిపోస్తున్నారు. నానీలు, దాదీలు తమ వంతు జోడిస్తున్నారు. ఇదేమిటని అడిగితే, "ఉన్న మాటే కదా చెప్పాం!" అంటారు.

ఉన్న మాట అయితే చెప్పవచ్చునా? అసలు ప్రశ్న ఇదే.

మనిషిలో నిజంగా ఉన్న లోపాన్నే అతనికి నచ్చని విధంగా వెనుక చెప్పుకోవడం గీబత్ అనీ, లేనిది చెబితే అది అపనింద అనీ దైవప్రవక్త (సల్లం) వివరించారు. కనుక 'నిజమే కదా' అన్నది సాకు కాదు. గీబత్ మొదలయ్యేదే అక్కడ!

పైగా వినేది పసివాడు. "ముక్కు అచ్చం మీ అబ్బాదే" అని వింటూ పెరిగినవాడు. ఆ అబ్బా దుర్మార్గుడైతే మరి తానెవరు? 2017లో మన సుప్రీంకోర్టు ఒక సంరక్షణ కేసులో ఈ హానినే ప్రస్తావించింది. ఎవరూ గెలవలేని విధేయతా పోటీలో బిడ్డ నలిగిపోతాడు, వాస్తవాన్ని వక్రంగా చూడడం అలవాటు చేసుకుంటాడు.

హజ్రత్ అస్మా (రజి) తల్లికి హజ్రత్ అబూబక్ర్ (రజి) అజ్ఞాన కాలంలోనే విడాకులిచ్చారు. ఆమె బహుదైవారాధకురాలిగానే కానుకలతో మదీనాకు కూతురి వద్దకు వచ్చింది. అస్మా (రజి) సంకోచించారు. తల్లితో బంధుత్వాన్ని నిలుపుకోమని దైవప్రవక్త (సల్లం) ఆదేశించారు. షిర్క్ సైతం తెంచలేని బంధాన్ని మన కక్షలు తెంచవచ్చునా? బిడ్డ కారణంగా తల్లినీ బాధించరాదు, తండ్రినీ బాధించరాదు అన్నది బఖరా సూరా 233వ ఆయత్ బోధ.

అయితే కొట్టి హింసించే వ్యక్తి నుంచి బిడ్డను కాపాడడం వేరు. బిడ్డ తానుగా భయపడుతుంటే, ఎవరో నేర్పిన మాటలని కొట్టిపారేయకూడదు. అప్పుడు నిజం చెప్పాల్సిందే. కానీ ఖాజీకి చెప్పండి, కోర్టుకు చెప్పండి, న్యాయం చేయగల పెద్దలకు చెప్పండి. బాధితులు ఇలా మొరపెట్టుకోవడాన్ని ఉలమా గీబత్‌గా పరిగణించలేదు. ఏడేళ్ళ బిడ్డ ఖాజీ కాడు. తీర్పు చెప్పలేడు, భారం మాత్రం మోస్తాడు.

సోదర సోదరీమణులారా! పండుగనాడు ఈదీ తెచ్చిన తండ్రిని గుమ్మంలోంచే తిప్పి పంపకండి. తల్లి ఫోన్ చేస్తే బిడ్డను స్వేచ్ఛగా మాట్లాడనివ్వండి. "అబ్బా మనతో ఎందుకు లేరు?" అని అడిగితే, "మేమిద్దరం కలిసి ఉండలేకపోయాం, ఇందులో నీ తప్పేమీ లేదు" అనండి. అది అబద్ధం కాదు. బిడ్డ మోయగలిగినంత నిజం.

మన కోపాల నుంచి మన బిడ్డలను అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.