పాత రథము – తీరని కోరిక

కోరిన వస్తువు చేతికి వచ్చిన పిమ్మట కూడ మనస్సు వెలితిగానే ఉండుటకు కారణమేమి? లోపము వస్తువునందున్నదా, కోరికయందున్నదా? ఈ ప్రశ్నకు విదేశపు దృష్టాంతము నొకదానిని పరిశీలింతము.

ఇటలీ దేశపు ఫెరారీ సంస్థ 1984లో పారిస్ ప్రదర్శనమున టెస్టరోస్సా అను కారును లోకమునకు చూపినది. పన్నెండు సిలిండర్ల ఇంజను, గంటకు సుమారు 290 కిలోమీటర్ల వేగము, చూచినవారి కన్నులను నిలిపివేయు ఆకృతి. ఇట్టి విలాసపు కార్లు పెక్కు చేతులు మారినకొలది వెల తగ్గి, కొత్తవానిని కొనలేనివారికి కూడ అందును.

వెల తగ్గును గాని పోషణ భారము తగ్గదు. విడిభాగముల ధర, పనివాని కూలి ఆ కారు తొలినాటి అంతస్తునకు తగినట్లే ఉండును. టెస్టరోస్సాలో టైమింగ్ బెల్టు మార్చవలెనన్న ఇంజనునే బయటకు దింపవలెను. ఆ బెల్టు రబ్బరుది. నడిపినను, నడపక దాచినను కాలముతో పాతబడును. ఇక వేగమందురా, ఇటలీ మోటారు రహదారులపై సాధారణ పరిమితి 130 కిలోమీటర్లే. దాదాపు రెండు మీటర్ల వెడల్పుగల ఆ వాహనము నగర వీధిలో చిన్న కారు వెనుకనే ఓపికతో నిలిచియుండవలెను.

ఇందు నిర్మించిన శిల్పుల దోషమేమియు లేదు. కొన్నవాడు కోరినది కేవలము వాహనమును కాదు. గడచిన యౌవనమును, నలుగురి మెప్పును, తరుగని తృప్తిని. వానిని ఏ కర్మాగారమును చేసి ఇవ్వజాలదు.

శ్రీమద్భాగవతము నవమ స్కంధమున యయాతి చరిత్ర కలదు. శుక్రాచార్యుని శాపమున ముదిమి పొందిన ఆ రాజు, చిన్న కుమారుడగు పూరుని యౌవనమును పుచ్చుకొని, వేయి సంవత్సరములు భోగముల ననుభవించెను. అదియు పరుని నుండి తెచ్చుకొన్న వయస్సే. తుదకు భోగముచే కోరిక తీరదని గ్రహించి, యౌవనమును కుమారునకు తిరిగి యిచ్చి వనమునకేగెను.

అట్లయిన మంచి వాహనమును కోరుట పాపమా? కాదు. అర్జునుని రథమును మించిన రథమేది? యుద్ధానంతరమున శ్రీకృష్ణుడు ముందుగా అర్జునుని దింపి, తరువాత తాను దిగగానే, ఆ రథము భస్మమైనదని మహాభారతము శల్యపర్వమున చెప్పుచున్నది. ద్రోణ కర్ణుల అస్త్రములచే అది మునుపే దగ్ధమైనదనియు, తానున్నందుననే నిలిచినదనియు స్వామి తెలిపెను. రథము పోయినను పార్థునకు సారథి మిగిలెను.

తిరుమల బ్రహ్మోత్సవములలో ఎనిమిదవ దినమున రథోత్సవము జరుగును. మోకు పట్టి లాగు భక్తులలో ఆ రథము నాదనువాడు లేడు. అయినను ఆనందము లేనివాడును లేడు. వాహనమును ప్రయాణమునకు వాడుకొందము. తృప్తిని మాత్రము ఆ రథముపై వేంచేసియున్న స్వామినే అడుగుదము.