ఎవరి కావలి?

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారు దాటి దక్షిణమునకు పోయినయెడల బార్కస్ అను పేట కలదు. నిజాము కొలువులోని అరబ్బు సిపాయిల బారకాసులనుబట్టి దానికి ఆ పేరు వచ్చినది. పరదేశులు కావలి కాసిన పట్టణమది. 1798లో నిజాము అలీఖాన్ తన ఫ్రెంచి పటాలములను తీసివేసి, ఇంగ్లీషు కంపెనీ పటాలమును కావలిగా ఒప్పుకొనెను. తరువాత కంపెనీ అధికారుల చేతిక్రింది మరియొక సేన ఖర్చు అప్పుగా పెరిగి, 1853లో బీరారు సీమ కంపెనీ వశమాయెను. శత్రువునకు భయపడి కావలివానిని పెట్టుకొనగా, పొలము కావలివాని పాలాయెను.

ఐరోపాలో 1952లో ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ మొదలగు ఆరు దేశములు ఒకే సేనగా కూడుటకు సంతకములు చేసెను. 1954లో ఫ్రాన్సు శాసనసభయే దానిని త్రోసివేసెను. ఒకవేళ అంగీకరించియుండినయెడల? నిన్న ఒకరినొకరు చంపుకొనినవారు ఒకే జెండా క్రింద నిలిచియుందురు. హృదయములు కలిసియుండునని ఎవరు చెప్పగలరు? అయితే బొగ్గును ఇనుమును కలిసి నిర్వహించుటకు వారే 1951లో చేసికొనిన ఒడంబడిక అర్ధశతాబ్దము నిలిచెను. కత్తులు కలియలేదుగాని పొయ్యిలోని బొగ్గు కలిసెను.

సహోదరులారా, గట్టు తగాదా వచ్చినప్పుడు మీరు ఎవరి అండ కోరుచున్నారు? బలవంతుని అండకు వెల యున్నది. కావలి అక్కరలేదని నేను చెప్పను. పొరుగువానితో సమాధానము దానికంటె ముందు రావలెను. అతడు విననియెడల సంఘపెద్దలను ఇద్దరిని వెంటబెట్టుకొని మరల పొండి. ప్రభువు బల్లయొద్ద ఒక్క రొట్టెలో పాలుపొందు మనము ఒక్క బావినీళ్లు పంచుకొనలేమా? వచ్చు ఆదివారము బల్లయొద్దకు రాకమునుపే ఆ గట్టు దాటుడి.