పితామహి చూపిన దిక్కు



మనలో ననేకులకు మొదటి దేవాలయము నాయనమ్మ యొడియే. చేతులు జోడించుట మన మక్కడనే నేర్చుకొంటిమి. పిదప విద్య నభ్యసించి, ఆమె వ్రతములను విగ్రహములను విడిచితిమి. విడువదగినదానిని విడుచుట ధర్మమే. కాని దానితోపాటు ఆమె భక్తినికూడ విడిచితిమా? మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుగారి స్వీయచరిత్రమునందలి యొక వృత్తాంతము ఈ ప్రశ్నకు వెలుగు చూపుచున్నది.

దేవేంద్రనాథుడు 1817వ సంవత్సరమున కలకత్తాలో గొప్ప ధనవంతుల యింట జన్మించెను. ఆయన తండ్రియగు ద్వారకానాథుని దత్తు చేసికొని పెంచిన తల్లి అలకాసుందరి. బాల్యమున దేవేంద్రనాథునకు ఈ పితామహియే సర్వస్వము. ఆమె తన్ను విడిచి జగన్నాథమునకును బృందావనమునకును యాత్ర వెడలినప్పుడు బాలుడు మిక్కిలి యేడ్చెనట.

ఆమె ప్రతిదినమును వేకువనే గంగాస్నానము చేసి, సాలగ్రామమునకై స్వహస్తములతో పూలమాలలు గ్రుచ్చెడిది. ఒక్కొక్కప్పుడు సూర్యోదయము మొదలు అస్తమయము వఱకు మేడమీద నెండలో నుండి సూర్యున కర్ఘ్యము లిచ్చెడిది. మనుమడును ప్రక్కనే యుండెడివాడు. అయినను పూజకై గృహకృత్యముల నుపేక్షింపలేదు. ఇల్లంతయు నామె కనుసన్నలలో నడచెడిది. అందఱును భుజించిన పిమ్మట తాను వండుకొన్న హవిష్యాన్నమును తినెడిది. అందులో మనుమనికి నొక భాగ ముండెడిది.

అవసానకాలము సమీపించినప్పుడు తన పెట్టె తాళపుచెవిని మనుమనికే యిచ్చెను. పెట్టెలో రూపాయలును బంగారు మొహరులును ఉండెను. కాని యామెవలన నతడు పొందిన నిజమైన యాస్తి వేఱు.

1835వ సంవత్సరమున నామె మరణశయ్యపై నుండగా, రోగి నిక నింట నుంచరాదని వైద్యుడు చెప్పెను. ఆనాటి యాచారము ననుసరించి గంగయొడ్డునకు గొనిపోవ నుద్యమించిరి. ఆమెకు పోవ నిష్టము లేదు, ఇంకను జీవింపగోరెను. ఊరిలో లేని తన కుమారు డింట నుండినయెడల తన్నిట్లు గొనిపోజాలరని పలికెను. ఎవ్వరును వినలేదు. నదీతీరమున పెంకుల పాకలో మూడు రాత్రులు ప్రాణములతో నుండెను.

సోదరులారా, యోచింపుడు! జన్మమంతయు నే యింటివారికై ధారపోసెనో, ఆ యింటివారే కడపట నామె మాటను వినరైరి. వారు క్రూరులు కారు. ఆచారము వారి చెవులను మూసెను. మన సంస్కార మట్టి చెవులను తెఱచునదియై యుండవలెను.

ఆమె మరణమునకు ముందటి రాత్రి నిండుపున్నమ. నిమ్‌తలా రేవున, శ్మశానమునకు సమీపమున, పదునెనిమిదేండ్ల దేవేంద్రనాథుడు ముతకచాపపై కూర్చుండెను. పితామహి చెంత జరుగుచున్న నామసంకీర్తనము గాలిలో తేలివచ్చుచుండెను. ఆ క్షణమున నతనికి ఐశ్వర్యముపై విరక్తి జనించెను; ఎన్నడు నెఱుగని యానందము హృదయమున నిండెను. మఱునాటి యుదయమున నామె హరినామ ముచ్చరించుచు, వ్రేలొకటి పైకెత్తి ప్రాణములు విడిచెను. ఆ వ్రేలు తనకు ఈశ్వరుని, పరలోకమును జూపినదని మనుమడు భావించెను.

అతడు 1839లో తత్త్వబోధినీ సభను స్థాపించెను. 1843లో బ్రాహ్మధర్మమును స్వీకరించెను. పితామహి పూజించిన సాలగ్రామమును విడిచెను గాని, ఆమె వ్రేలు చూపిన దిక్కును విడువలేదు.

మనమో? ఆమె పూలమాలకై వేకువనే లేచెడిది. నిరాకారుని కొలుచు మన మెప్పుడు లేచుచున్నాము? ఆమె అందఱి యాకలి తీర్చి తాను తినెడిది. మన మెవరి యాకలి నడుగుచున్నాము? ఇంట నింకను వృద్ధురా లుండు భాగ్యము గలవారు నేడే యామె ప్రక్కన గూర్చుండుడు. ఆమె నమ్మకములను ఖండింపకముందు ఆమె కోరిక యేమో యడుగుడు.

కరుణామయుడవగు పరమేశ్వరా! మా పితామహుల మూఢాచారములనుండి మమ్ము విడిపింపుము. వారి భక్తినుండి మాత్రము మమ్ము వేఱుచేయకుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.