తెలియదు అనడానికి సిగ్గెందుకు?



ఈ వారం మీతో ఒక చిన్న తప్పు గురించి మాట్లాడాలనుకుంటున్నాను. ఆ తప్పు చేసింది మరెవరో కాదు, నేనే. దాని విలువ ఒక్క మార్కు. అయినా అది వారం రోజులపాటు కాలిలో ముల్లులా గుచ్చుతూనే ఉంది.

2020లో కరోనా కారణంగా గుడి తలుపులు మూసి ఉన్న రోజుల్లో, నేను పూర్వం పనిచేసిన విచారణకు చెందిన కొందరు సెల్‌ఫోనులో ఒక వాట్సాప్ బృందం పెట్టుకున్నారు. ఒకరి యోగక్షేమాలు ఒకరు తెలుసుకోవడానికి మొదలైనది మెల్లగా ఆటగా మారింది. ప్రతి ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు పది జనరల్ నాలెడ్జి ప్రశ్నలు. కువైట్‌లో నర్సుగా ఉన్న అమ్మాయికి అప్పుడు సాయంత్రం ఆరు గంటలు. న్యూజెర్సీలో ఉన్న దంపతులకు ఇంకా మధ్యాహ్నం కూడా కాదు. వారానికొకరు ప్రశ్నలు వేస్తారు. అర నిమిషంలో జవాబు రాసి వారికి విడిగా పంపాలి. పుస్తకం తెరవకూడదు, గూగుల్‌లో వెదకకూడదు, పక్కవారిని అడగకూడదు. బహుమతి ఏమీ లేదు. గెలిచినవారికి అందరూ చప్పట్ల బొమ్మలు పంపుతారు, అంతే.

ఒక ఆదివారం తొమ్మిది ప్రశ్నలు ముగిసేసరికి నాకూ, రిటైరైన ఒక టీచరమ్మ గారికీ సమానంగా మార్కులు వచ్చాయి. పదో ప్రశ్న: కాటన్ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట ఏ సంవత్సరంలో పూర్తయింది? నాకు జ్ఞాపకం రాలేదు. నోటి చివర ఉన్నట్టే ఉంది, బయటికి రాదు. బల్లమీద ఇంకో ఫోను ఉంది, విచారణ కార్యాలయానిది. చెయ్యి దానంతట అదే అటు వెళ్లింది. 1852 అని రాశాను. టీచరమ్మ గారు 'తెలియదు' అని రాశారు. నేను గెలిచాను. 'ఫాదర్ గారూ, ఈ వయసులో ఎంత జ్ఞాపకశక్తి మీకు!' అని ఆవిడ అందరికంటే ముందుగా మెచ్చుకున్నారు.

ఆ మెప్పు చదివినప్పుడు నాకు కలిగింది సంతోషం కాదు.

ఇప్పుడు మీరు అడగవచ్చు: 'ఇందులో ఎవరికి నష్టం ఫాదర్? డబ్బు పోలేదు, ఉద్యోగం పోలేదు. ఆటను ఆటగా తీసుకోవద్దా?' మంచి ప్రశ్నే. దీనిని కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

మొదట ఆట గురించి. జ్ఞానపరీక్షను వినోదంగా ఆడుకోవడం మన దేశంలో కొత్త కాదు. 1967లో కలకత్తాలో నీల్ ఓబ్రియన్ గారు మొదటి బహిరంగ క్విజ్‌ను నడిపింది క్రీస్తురాజు దేవాలయపు పారిష్ హాలులోనే. 1972 నుండి రేడియోలో బోర్న్‌విటా క్విజ్, 1985లో దూరదర్శన్‌లో సిద్ధార్థ బసు గారి క్విజ్ టైమ్, 2000లో కౌన్ బనేగా కరోడ్‌పతి వచ్చాయి. నా తరంవారు టి.వి. ముందు కూర్చుని, పోటీదారుడికంటే ముందు జవాబు చెప్పి, ఇంట్లోవాళ్ల వంక గర్వంగా చూసినవారే. ఆటలో తప్పేమీ లేదు. 13వ శతాబ్దంలో పునీత తోమస్ అక్వినాస్ గారు తమ గ్రంథంలో వినోదం గురించి ప్రత్యేకంగా ఒక ప్రశ్న వేసుకుని, ఎప్పుడూ ఎక్కుపెట్టి ఉంచిన విల్లు విరిగిపోతుందనే పాత కథను గుర్తుచేశారు. మనసుకూ విశ్రాంతి కావాలి. నవ్వడం చేతగాక, నవ్వేవారిని కసురుకునేవాడిది కూడా ఒక లోపమే అన్నారు. కాబట్టి ఒక్క మార్కుకోసం తల బాదుకొమ్మని నేను ఎవరికీ చెప్పడం లేదు.

అయితే ఆయనే అబద్ధాలను మూడు విధాలుగా విభజించారు: హాని చేయడానికి చెప్పేది, ఉపకారం కోసం చెప్పేది, హాస్యానికి చెప్పేది. మూడూ దోషాలే గాని మూడింటి బరువు ఒకటి కాదు. నాది హాస్యానికి చెప్పిన అబద్ధమని నన్ను నేను సమాధానపరచుకోబోయాను. కాని కుదరలేదు. హాస్యపు అబద్ధానికి నలుగురూ కలిసి నవ్వుతారు. నాది నలుగురికీ తెలియకూడదని చెప్పినది. దాని లాభం నాకొక్కడికే. తెలిస్తే ఎవరూ నవ్వరని నాకు తెలుసు, అందుకే దాచాను. దాచవలసి వచ్చిన హాస్యం హాస్యం కాదు.

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో ప్లేటో గ్రంథంలోని ఒక కథ మీద మేము గంటలకొద్దీ వాదించుకున్నాం. లిడియా దేశంలో ఒక గొర్రెల కాపరికి ఒక ఉంగరం దొరుకుతుంది. దాని పొడిని అరచేతివైపు తిప్పితే అతడు ఎవరికీ కనబడడు. అలాంటి ఉంగరం దొరికితే న్యాయంగా ఉండేవాడు ఎవడైనా ఉంటాడా అని ఆ గ్రంథంలో ఒక పాత్ర అడుగుతుంది. ఆ రోజుల్లో మాకు అది కట్టుకథ. ఇప్పుడు ఆ ఉంగరం ప్రతి ఇంట్లోనూ ఉంది. నా ముఖం, నా చెయ్యి, నా బల్ల అవతలివారికి కనబడవు. వారికి చేరేది నేను రాసిన నాలుగు అంకెలు మాత్రమే. ఆ కాపరి తన ఉంగరంతో రాజును చంపి రాజ్యం తీసుకున్నాడు. నేను ఒక మార్కు తీసుకున్నాను. ఎంత తీసుకున్నామన్నది ఉంగరం పరీక్షించదు. ఎవరూ చూడనప్పుడు మనం ఎవరమో, దానినే పరీక్షిస్తుంది.

బహుమతి ఉంటేనే మోసానికి అర్థం ఉంటుందని అనుకుంటాం. అమెరికాలో 1950లలో టి.వి. క్విజ్‌లు జనాన్ని ఊపేస్తున్న కాలంలో, చార్లెస్ వాన్ డోరెన్ అనే కళాశాల అధ్యాపకుడు 'ట్వెంటీ వన్' అనే కార్యక్రమంలో వారాల తరబడి గెలిచి దేశమంతటా పేరు పొందాడు. జవాబులు ముందే తనకు అందాయని 1959లో చట్టసభ సంఘం ముందు ఒప్పుకున్నాడు. మరుసటి సంవత్సరం అలాంటి ఏర్పాట్లను నిషేధిస్తూ చట్టం వచ్చింది. అక్కడ లక్ష డాలర్లకు పైగా డబ్బు ఉంది. కాని జనాన్ని బాధపెట్టింది డబ్బు ఒక్కటే కాదు. తమ ఇంటి గదిలో కూర్చుని మెచ్చుకున్న తెలివి తెలివి కాదని తేలడం. మా టీచరమ్మ గారు నాకిచ్చినదీ అదే: మెప్పు. డబ్బుకంటే ముందు మనిషి మనిషికిచ్చేది అదే. లేనిదానికి మెప్పు పుచ్చుకోవడం కూడా పుచ్చుకోవడమే.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. వెదకడం తప్పు కాదు. మందు పేరు తెలియకపోతే వెదకాలి, ప్రసంగంలో ఒక తేదీ చెప్పేముందు సరిచూసుకోవాలి. ఈ వ్యాసంలోని సంవత్సరాలను నేనూ సరిచూసుకున్నాను. వెదికి దొరికించుకున్నదానిని 'నాకు తెలుసు' అని చెప్పడంలోనే తప్పుంది. ఆట అంటే ఏమిటి? మనం కలిసి ఒప్పుకున్న మాట. చదరంగంలో గుర్రాన్ని ఇష్టం వచ్చినట్టు నడిపితే గెలిచినట్టు కాదు, అసలు చదరంగం ఆడనట్టే. నేను ఆ రాత్రి టీచరమ్మ గారిని ఓడించలేదు. ఆవిడ ఆడుతున్న ఆటను నేను ఆడలేదు, అంతే.

మరి ఎందుకు చూశాను? నిజాయితీగా నన్ను నేను ప్రశ్నించుకుంటే దొరికిన జవాబు ఇది: గెలవాలని కాదు, తెలియదని అనడానికి సిగ్గుపడి. ఫాదర్‌కు తెలియదా అని అనుకుంటారేమోనని. మీలోనూ ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, పెద్దన్నలు, సంఘపెద్దలు ఉన్నారు. ఈ సిగ్గు మీకు తెలియనిది కాదు. మనవడు అడిగిన ప్రశ్నకు ఏదో ఒకటి చెప్పి పంపేస్తాం. ఆసుపత్రిలో డాక్టరు చెప్పినది అర్థం కాకపోయినా తల ఊపుతాం. అక్కడ ఆ సిగ్గుకు చెల్లించే ధర ఒక్క మార్కు కాదు. తనకు తెలియదని తనకు తెలుసునని చెప్పిన సోక్రటీసును 2400 సంవత్సరాల తరువాత కూడా జ్ఞాని అంటున్నాం. మనం మాత్రం ఆ ఒక్క మాట పెదవి దాటకుండా కాపలా కాస్తాం.

తరువాతి ఆదివారం ఆట మొదలుపెట్టకముందే రాశాను: 'పోయినవారం పదో ప్రశ్నకు నేను వేరే ఫోనులో చూసి రాశాను. ఆ మార్కు తీసేయండి. టీచరమ్మ గారూ, మన్నించండి.' పంపిన తరువాత ఫోను బల్లమీద బోర్లించి పెట్టాను. మళ్లీ తీయడానికి కొంచెం ధైర్యం కావలసివచ్చింది.

టీచరమ్మ గారు రాసినది: 'పోనిద్దురూ ఫాదర్ గారూ. పోయిన నెల క్రికెట్ ప్రశ్న మా మనవడిని అడిగే రాశాను.' న్యూజెర్సీ పెద్దమనిషి, తన పక్కన ఎప్పుడూ లాప్‌టాప్ తెరిచే ఉంటుందని ఒప్పుకున్నాడు. ఒకరిద్దరు ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

ఆ రోజు నుండి మా మార్కులు పడిపోయాయి. ఎనిమిది, తొమ్మిది వచ్చేవారికి నాలుగు, ఐదు వస్తున్నాయి. కాని ఒక విచిత్రం జరిగింది. ఎవరైనా 'తెలియదు' అని రాస్తే, తెలిసినవారు చెప్పడం మొదలుపెట్టారు. ఆంధ్ర రాష్ట్రానికి 1953లో కర్నూలు రాజధాని అయిందన్న జవాబు దగ్గర, ఒక పెద్దాయన ఆ రోజుల్లో తన తండ్రి కర్నూలులో గుడారంలో నడిచే ఆఫీసుకు వెళ్లిన సంగతి చెప్పాడు. ధవళేశ్వరం ప్రశ్న మళ్లీ వచ్చినప్పుడు, టీచరమ్మ గారు ఆ కాలువ నీళ్లతో పండిన తమ తాతగారి రెండెకరాల గురించి చెప్పారు. 1852 అన్న అంకెను నేను చూసి రాసిన రాత్రి ఆ రెండెకరాల మాట ఎవరికీ తెలియలేదు. జవాబులన్నీ అందరి దగ్గరా ఉన్నప్పుడు, ఒకరితో ఒకరికి చెప్పుకునే పని ఏముంటుంది?

కాబట్టి పాఠకులారా, ఆడండి. పిల్లలతో, దూరాన ఉన్న బంధువులతో, ఫోనులోనైనా సరే, హాయిగా ఆడండి. ఎవరైనా తప్పు చెబితే ఎగతాళి చేయకండి, ఎందుకంటే ఎగతాళి చేసే చోట నిజం చెప్పే ధైర్యం చస్తుంది. మీకు రానిదానికి 'తెలియదు' అని రాయండి. ఆ మాట మొదటిసారి రాయడమే కష్టం. పోయిన ఆదివారం నాకు వచ్చినవి మూడు మార్కులు. అందరికంటే చివర నేనే. ఆ మూడూ నావే.