మినహాయింపును ఒక నియమమే

అగ్నితో సంబంధము లేని మతము అరుదు. ఒకరికది హోమము, ఒకరికి దీపము, వేరొకరికి చితి. అట్టి అగ్నిని రాజశాసనము తాకినపుడు భక్తుడేమి కోరవలెను, ఎంత కోరవలెను అను ప్రశ్న నేడు అమెరికా దేశమున పుట్టియున్నది.

బొగ్గు, చమురు, సహజవాయువు మండుటచే వెలువడు బొగ్గుపులుసు గాలి భూమిని వేడెక్కించుచున్నది. అందుచే 2021లో న్యూయార్క్ నగరము క్రొత్తగా కట్టు భవనములలో ఇట్టి ఇంధనముల వాడకమును నిషేధించు చట్టము చేసెను. ఆసుపత్రులు, ప్రయోగశాలలతోపాటు దహనవాటికలకును అందు మినహాయింపు కలదు. మృతదేహమును అగ్నికర్పించు హిందువులకు, అచట స్థిరపడిన తెలుగువారికి ఇది ఊరట. దేహమును భూస్థాపన చేయు లింగాయతులకు దీని అక్కర లేదు. ఇష్టలింగమును అరచేత నిలిపి అర్చించుటకు పొయ్యితో పనియే లేదు. అంతమాత్రమున పరుల ఆచారమును చులకన చేయుట శరణధర్మము కాదు.

యూదుల సంగతి చూడుడు. విశ్రాంతి దినమున వారు నిప్పు రగిలింపరు, వంట చేయరు. పండుగనాడు వండుకొనవచ్చును గాని, క్రొత్తగా నిప్పు పుట్టింపరాదు. ముందే వెలుగుచున్న జ్వాలనుండియే వెలిగించుకొనవలెను. విద్యుత్తు మీట నొక్కుటయు ఆచారపరులకు నిషిద్ధమే. కావున విద్యుత్తు పొయ్యి మాత్రమే ఉండవలెనన్నచో, ఇతరులకది వంటింటి సంగతి. వారికి వ్రతము సంగతి.

అయితే మతము పేరు చెప్పినంతనే చట్టము తొలగిపోవునా? అందరికిని సమానముగా వర్తించు చట్టమునుండి మతాచారమునకు మినహాయింపు ఇచ్చి తీరవలెనని రాజ్యాంగము నిర్బంధింపదని 1990లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. శాసనకర్తలు ఇచ్చినచో ఇత్తురు. అది అడిగి పొందునది. కనుక అడుగువాని చిత్తశుద్ధియే అందు ప్రధానము.

ఇందులకు న్యూయార్కునందే మంచి నిదర్శనము కలదు. 25,000 చదరపు అడుగులకు మించిన భవనములు వెలువరించు వాయువులకు 2019 నాటి చట్టము హద్దు విధించెను. కేవలము సామూహిక ప్రార్థనకు వినియోగించు మందిరములను అది పూర్తిగా విడువలేదు. వానికి సులభమార్గము చూపెను. అవి హద్దునకు లోబడియైన ఉండవలెను, లేదా 13 పొదుపు పనులైన చేయవలెను. ఆవిరి కారుచోట్ల మరమ్మతు చేయుట, వేడినీటి గొట్టములకు తొడుగు వేయుట, గదుల వేడిమిని తగుపాటిలో నుంచుట అట్టివి. భారము తగ్గినది, బాధ్యత మిగిలినది.

బసవేశ్వరుడు బోధించిన దాసోహమునందలి నీతియు ఇదియే. పంక్తిలో కూర్చున్నవాడు ఆకలికి తగినంత ప్రసాదము గ్రహించును. ఆకునందు మిగిల్చి పారవేయుట దోషము. మినహాయింపును అట్లే గ్రహింపవలెను. పండుగ వంటకు నిలిపిన జ్వాల ఆచారమునకు చెందును. అదే భవనమున ఖాళీగానున్న గదులను వెచ్చజేయు బాయిలరు ఏ ఆచారమునకు చెందును? దానికి దేవుని పేరు తగిలించినచో దైవమును సాకుగా వాడుకొనినట్లగును. ఆ పొగ పీల్చువాడును జంగమ స్వరూపుడే గదా!

కావున మఠమైనను, గృహమైనను, మినహాయింపు కోరుటకు ముందు ఒక్క ప్రశ్న వేసికొనవలెను: ఈ మంట ఆరినచో ఆగునది పూజయా, సుఖమా? పూజయైనచో ధైర్యముగా అడుగవలెను. సుఖమైనచో తానే లేచి ఆర్పివేయవలెను.